పడుద్ది సార్!

"పడుద్ది సార్."

మన దేశపు వాహన భద్రతా విధానం మొత్తం ఈ రెండు ముక్కల్లో ఉంది. దుకాణం ముందు మీ పాత చిన్న కారు జాకీ మీద ఒంటికాలు ఎత్తుకుని నిలబడి ఉంటుంది. దుకాణదారు చేతిలో తళతళలాడే అల్లాయ్ రిమ్ము ఉంటుంది. "ఇది దీనికి సరిపోతుందా?" అని మీరు భయం భయంగా అడుగుతారు. ఆయన కారు వంక చూడడు. రిమ్ము వంక చూడడు. మీ జేబు వంక చూస్తాడు. "పడుద్ది సార్."

ఏది పడుద్ది? బోల్టు పడుద్దా, బండి పడుద్దా? మన భాష గొప్పతనం చూడండి. అమరడానికీ కూలడానికీ ఒకటే మాట. అమ్మేవాడు మొదటి అర్థంలో అంటాడు. రెండో అర్థం మనకు బైపాస్ మీద, ఎనభైలో పోతున్నప్పుడు బోధపడుతుంది.

విషయం నిజానికి చాలా చిన్నది. చక్రానికి నాలుగు బెజ్జాలు. హబ్బుకి నాలుగు స్టడ్లు. ఆ బెజ్జాల నడిమధ్యల మీదుగా ఒక వలయం గీయండి. ఆ వలయం అడ్డుకొలత ఎంతో అదే పీసీడీ. 4×100 అంటే నాలుగు నట్లు, వంద మిల్లీమీటర్ల వలయం. అంతే! హైస్కూలు పిల్లాడికి చెబితే అయిదు నిమిషాల్లో పట్టేస్తాడు. మరి ఇంత చిన్న లెక్క కారులో ఎక్కడ రాసి ఉంది?

టైరు మీద చూడండి. 145/70 ఆర్ 12 అని ఉంటుంది. వెడల్పు మిల్లీమీటర్లలో, ఎత్తు శాతంలో, రిమ్ము సైజు అంగుళాల్లో. మెట్రిక్ పద్ధతికి మారాలని మన దేశం తూనికలు కొలతల చట్టం చేసింది 1956లో. టైరుకి ఆ కబురు ఇంకా పూర్తిగా అందలేదు. పోనీ, అదైనా రాశారు. దండం పెట్టుకుందాం.

కారుతో పాటు ఇచ్చిన పుస్తకం తెరవండి. పాటల పెట్టె ఎలా నొక్కాలో నాలుగు పేజీలు. సీటు బెల్టులు పెట్టుకుని నవ్వుతున్న బొమ్మల కుటుంబం రెండు పేజీలు. గాలి ఎంత కొట్టాలో ఉంది, వైపర్ ఎలా తుడవాలో ఉంది. "అసలైన విడిభాగాలే వాడండి" అని మందపాటి అక్షరాల్లో హెచ్చరిక ఉంది. మరి ఏది అసలైనదో, ఏది కొసరైనదో కొలిచి చూసుకోవడానికి ఆ ఒక్క నంబరు? చాలా పుస్తకాల్లో ఉండదు. ఎందుకుండాలి? నంబరు తెలిస్తే మీరు బయట కొనుక్కోరూ!

సరే, ఆర్సీ తీయండి. సర్కారు వారి పత్రం కదా. చాసిస్ నంబరుంది. ఇంజన్ నంబరుంది. బండి రంగుంది, సీట్ల లెక్కుంది, బరువుంది. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం కూడా మిల్లీమీటర్లతో సహా రాశారు. బాగుంది. ఆ చక్రం ఏ ఆధారం మీద వేలాడుతోందో ఆ కొలత మాత్రం లేదు. చక్రాల మధ్య దూరం తెలిసి మనమేం చేసుకోవాలి? ఊడిపోయింది ఎంత దూరంలో దొరుకుతుందో వెతుక్కోవాలా?

దశరథుడి రథానికి కడచీల ఊడిపోతే కైక తన వేలు అడ్డుపెట్టి ఆపిందని మన ఇళ్లలో చెప్పుకునే కథ. అందుకు రెండు వరాలు పుచ్చుకుంది, ఆ వరాలతో రామాయణమే నడిచింది. ఒక్క చీల మీద అంత కథ నడిచిన దేశంలో నాలుగు నట్ల సంగతి ఎవరికీ పట్టదు.

ఇక ఆ నంబర్ల భాగోతం వినండి.

1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా మొదటి మారుతీ 800 తాళాలు అందాయి. మధ్యతరగతి వాడికి కారు వచ్చిందని దేశం పండగ చేసుకుంది. ఏడొందల కిలోలు కూడా తూగని బుల్లి బండి. పన్నెండంగుళాల బుల్లి రిమ్ము. దాని పీసీడీ ఎంతో తెలుసా? 114.3. టన్నున్నర పైచిలుకు తూగే ఇన్నోవాది ఎంతో తెలుసా? అదే 114.3. కాకపోతే దానికి నట్లు అయిదు, దీనికి నాలుగు. పిచ్చుకకి ఏనుగు కడియం తొడిగి ఒక మేకు తగ్గించారన్నమాట.

ఆ పాయింట్ మూడు ఎక్కడిదని అడుగుతారేమో. నాలుగున్నర అంగుళాలు. అంగుళాలని మిల్లీమీటర్లలోకి మార్చితే చివర తోక మిగిలింది. జిప్సీది 139.7. అది అయిదున్నర అంగుళాలు. ఆ తోకలు పట్టుకునే మనం ఇన్నేళ్లుగా ఈదుతున్నాం.

అదే ఇంటి నుంచి తర్వాత స్విఫ్టు వచ్చింది. దానికి వంద. ఎస్ఎక్స్4 వచ్చింది. దానికి మళ్లీ 114.3, కానీ అయిదు నట్లు. అన్నదమ్ములే, ఒకరి చెప్పులు ఒకరికి పట్టవు. బయటి ఇళ్ల సంగతి చూస్తే ఇండికాకి వంద, శాంత్రోకి వంద, పాత సిటీకి వంద. హమ్మయ్య, ఒక దారికొచ్చారనుకునే లోపు ఫోర్డ్ ఐకాన్ 108 అంటూ దిగింది. ఫియట్ యూనో, పాలియో 98 అన్నాయి. లక్ష రూపాయల కారుగా ఊరేగిన నానోకి ఏకంగా మూడే నట్లు. నాలుగోది కోరుకునే స్తోమత మనకెక్కడిది!

ప్రతి సంఖ్య వెనకా ఎవరో ఇంజనీరు, ఏదో కారణం ఉండే ఉంటుంది. బరువు, బేరింగు, డ్రమ్ము, మాతృసంస్థ అలవాటు. కాదనను. తలా ఒక కొలత పెట్టుకున్నారు, పెట్టుకోనీయండి. పెట్టుకున్న కొలతని ఎందుకు దాస్తారు? రిమ్ము లోపలి వైపు నాలుగు అంకెలు అచ్చొత్తడానికి ఎంత ఖర్చవుతుంది? డిక్కీ మూత మీద ఓ స్టిక్కరు అంటించడానికి ఎంతవుతుంది? అద్దం మీద డీలరు పేరు, ఫోను నంబరు, పైన వినాయకుడి బొమ్మ కూడా అంటించి ఇస్తారే! ఆ స్టిక్కరుకి జిగురుంది, ఈ స్టిక్కరుకి లేదా?

అసలు తమాషా ఇంకోటుంది. మనం స్పేర్ చక్రాన్ని స్టెప్నీ అంటాం కదా. ఊరూరా పంచరు షాపు కుర్రాడు కూడా అదే అంటాడు. ఆ మాట వేల్స్ దేశంలో లనెల్లి అనే ఊళ్లోని స్టెప్నీ వీధిది. 1904లో అక్కడ డేవిస్ అన్నదమ్ములిద్దరు ఓ స్పేర్ చక్రం తయారు చేశారు. దానికి ఆకులు లేవు, నడుమ బొడ్డు లేదు. గాలి నింపిన టైరుతో ఒట్టి రిమ్ము. పంచరైన చక్రం పక్కన కొక్కేలతో బిగించేయడమే. బోల్టు బెజ్జాల గొడవే లేదు! నూట ఇరవై ఏళ్ల కిందట ఆ అన్నదమ్ములు వదిలించిన తలనొప్పిని మనం వాళ్ల పేరు పెట్టి మరీ డిక్కీలో మోసుకు తిరుగుతున్నాం.

సరే, ఎవరూ చెప్పరు కాబట్టి మనమే కొలుచుకుందాం. నాలుగు బెజ్జాలైతే ఎదురెదురు వాటిని పట్టుకోండి. ఒక బెజ్జం లోపలి అంచు నుంచి ఎదుటి బెజ్జం బయటి అంచుకి. అదే పీసీడీ. అయిదైతే ఎదురుగా బెజ్జం ఉండదు. పక్కపక్కనున్న రెండింటి నడిమధ్యల దూరం తీసుకుని 1.7తో హెచ్చవేయాలి. చూశారా, చక్రం మార్చుకోవడానికి జ్యామితి పెట్టె కావాలి. అదీ పిల్లల ప్లాస్టిక్ స్కేలుతో పని జరగదు. ఎందుకో చెబుతాను.

98కీ 100కీ తేడా ఎంత? రెండు మిల్లీమీటర్లు. బియ్యపు గింజ మందం. పక్కపక్క బెజ్జాలు కొలిస్తే ఇంకా తగ్గి ఒకటిన్నరకి దిగుతుంది. కంటికి ఆనదు. స్కేలుకి చిక్కదు. దుకాణదారు మనస్సాక్షికి అసలే తగలదు. వంద రిమ్ముని తొంభై ఎనిమిది హబ్బు మీద పెట్టండి. కూర్చున్నట్టే ఉంటుంది. ఒక బోల్టు నిటారుగా దిగుతుంది. రెండోది కాస్త మొరాయిస్తుంది. మూడోది పక్కకి వంగి ఎక్కుతుంది. నాలుగోదానికి పానా మీద ఇంకొంచెం బలం వేస్తారు. "టైటుగా ఉంది సార్, కొత్త రిమ్ము కదా!" అంటారు.

లోపల జరిగేది వేరు. బోల్టుకి కోసుగా ఉండే మొన ఉంటుంది. అది బెజ్జం గుంటలో చుట్టూ సమంగా ఆనాలి. అప్పుడే చక్రం హబ్బుకి అదుముకుని ఉంటుంది. ఇక్కడ ఒక్కటే సరిగ్గా ఆనుతుంది. మిగతా మూడూ గుంట అంచున గొంతుకూర్చుని ఉంటాయి. చక్రం అసలు కేంద్రం నుంచి వెంట్రుకవాసి పక్కకి జరుగుతుంది. అరవై దాటగానే స్టీరింగు వణుకుతుంది. మీరు బ్యాలెన్సింగుకి పరుగెడతారు. వాళ్లు సీసపు ముక్కలు అంటించి డబ్బులు తీసుకుంటారు. మళ్లీ వణుకుతుంది. అలైన్‌మెంటు అంటారు, మళ్లీ డబ్బులు. ఈలోగా బోల్టులు తమ పని తాము చేసుకుపోతుంటాయి. వదులవుతాయి, అరుగుతాయి, ఓ రోజు విరుగుతాయి. కర్ణుడి చావుకి వంద కారణాలు చెబుతారు. దీనికి ఒకటే. బియ్యపు గింజ.

పీసీడీ కలిసిందని ఊపిరి పీల్చుకోకండి. నడిమి బెజ్జం ఉంది. స్విఫ్టుదీ సిటీదీ రెండూ 4×100 అన్నాం కదా. స్విఫ్టు హబ్బు బొడ్డు 54.1, సిటీది 56.1. స్విఫ్టు రిమ్ము సిటీకి ఎక్కదు. సిటీ రిమ్ము స్విఫ్టుకి ఎక్కుతుంది, కానీ బొడ్డు చుట్టూ ఖాళీ. ఆ ఖాళీలో ఓ ప్లాస్టిక్ రింగు వేయాలి. ఆ రింగు సంగతి ఎన్ని దుకాణాల్లో చెబుతారు? స్టడ్డు మీది మర ఇంకో కథ. సుజుకీ స్టడ్డుకి 12×1.25, హ్యుందాయ్‌కీ హోండాకీ 12×1.5. చూపుకి కవలలు. తప్పు నట్టుని గన్నుతో బిగించారంటే మర కొట్టుకుపోయి జన్మలో ఊడదు. పంచరైన రాత్రి, వానలో, జడ్చర్ల దాటాక ఆ సంగతి తెలుస్తుంది. కొన్ని బండ్లకి అసలు నట్లే ఉండవు, బోల్టులు నేరుగా హబ్బులోకి దిగుతాయి. కొన్నింటి మొన కోసు, కొన్నింటిది గుండ్రం. ఇన్ని ఉన్నాయి. దుకాణంలో వినిపించే సమాధానం మాత్రం ఒక్కటే.

మార్కెట్టు మన కష్టం గమనించలేదని మాత్రం అనకండి. గమనించింది, పరిష్కారం కూడా పెట్టింది. ఎనిమిది బెజ్జాల రిమ్ము! నాలుగు వందకి, నాలుగు 114.3కి. మీకేది కావాలో అది వాడుకోండి, మిగతా నాలుగూ గాలి ఆడటానికి. సరిగ్గా పోత పోసి, సరిగ్గా తొలిచిన రిమ్మైతే తప్పు లేదు. కానీ వంద రిమ్ము తీసుకుని గల్లీ లేత్ మీద దానికి ఇంకో నాలుగు బెజ్జాలు కొట్టే మహానుభావులున్నారు. పాత బెజ్జానికీ కొత్త బెజ్జానికీ మధ్య మిగిలిన లోహం అప్పడం మందం. అప్పడం విరిగితే చప్పుడు బాగుంటుంది, భోజనాల బల్ల మీద. ఇక ఆన్‌లైన్‌లో "అన్ని కార్లకూ సరిపోవును" అని అమ్ముతారు. అన్ని కార్లకూ సరిపోయేది నాకు తెలిసి ఒక్కటే, నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టిన దండ.

బిగించే తీరు చూశారా ఎప్పుడైనా? చిన్న కార్ల నట్లకి ఎంత బలంతో బిగించాలో కంపెనీ లెక్క ఉంటుంది. ఎనభై, వంద న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల. దాన్ని కొలిచే పానా కూడా ఉంటుంది. మన దగ్గర కొలత ఏమిటంటే, పానాకి మూడడుగుల ఇనుప గొట్టం తగిలించి దాని మీద ఎక్కి ఓ కుర్రాడు గెంతుతాడు. ఎంత గెంతాలన్నది ఆ పూట అతను తిన్న భోజనాన్ని బట్టి. అతణ్ని అనడం నా ఉద్దేశం కాదు. పన్నెండు గంటలు మోకాళ్ల మీద పనిచేసే పిల్లవాడు. అతనికి ఎవరు చెప్పారు గనక? ఏ కంపెనీ అతని షాపు గోడకి ఓ పట్టిక తగిలించింది? ఏ ప్రభుత్వం అతని చేతిలో ఓ వెర్నియర్ కాలిపరు పెట్టింది? నైపుణ్యాభివృద్ధి అని కార్యాలయాల మీద బోర్డులున్నాయి. ఆ బోర్డులు బిగించిన నట్లు కూడా ఇలా గెంతి బిగించినవే అయ్యుంటాయి.

ఇంతకీ సర్కారు వారేం చేస్తున్నారు? చాలా చేస్తున్నారు. వసూలు చేస్తున్నారు.

మీ కారుకి పదిహేనేళ్లు నిండాయా? రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించండి. అంతకుముందు ఆరు వందలుండేది. 2022 ఏప్రిల్ 1 నుంచి అయిదు వేలు చేశారు. ఇరవయ్యేళ్లు దాటిందా? 2025 ఆగస్టులో దాన్ని పది వేలకి తీసుకెళ్లారు. పాత బండ్లు ప్రమాదకరం, పొగ ఎక్కువ, తుక్కుకి ఇవ్వండి అని ఉపదేశం. నిజమే, భద్రత ముఖ్యం. అంత ముఖ్యమైతే ఆ పది వేలు తీసుకున్న రోజున ఒక్క మనిషి వంగి, ఈ చక్రం ఈ హబ్బుదేనా అని చూసి, ఓ నంబరు ఆ పత్రం మీద రాయొచ్చు కదా? పది వేలకి నాలుగు అంకెలు. అంకెకి రెండున్నర వేలు. గిట్టుబాటు కాదంటారా?

చట్టం మాత్రం పళ్లు నూరుతూనే ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు చెప్పిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో శిక్ష కూడా పెంచారు. యజమాని అక్రమంగా మార్పు చేస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా మార్పుకి అయిదు వేలు జరిమానా, లేదా రెండూ. చాలా బాగుంది. తయారీదారు చెప్పినదానికి భిన్నంగా పోకూడదు. మరి తయారీదారే చెప్పకపోతే? చెప్పని మాట జవదాటకుండా ఎలా బతకాలో ఏ సెక్షన్‌లో ఉంది?

ఐఎస్ఐ గుర్తు ఉందిగా అంటారు. ఉంది. చక్రాల రిమ్ములకి ఆ గుర్తు తప్పనిసరి చేస్తూ కేంద్రం 2020లో ఉత్తర్వు తెచ్చింది. మంచి పనే, వెక్కిరించను. కానీ ఆ గుర్తు చెప్పేది రిమ్ము గట్టిదని. మీ బండికి సరైనదని కాదు. పెళ్లికొడుకు ఆరోగ్యంగా ఉన్నాడని డాక్టరు రాసిచ్చిన కాగితం లాంటిది. సంబంధం కుదురుతుందో లేదో అందులో ఉండదు.

ఒకే దేశం ఒకే పన్ను అన్నారు. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు అన్నారు. ఫోను చార్జరు పిన్నుకి సైతం ప్రమాణం రాశారు. పిన్ను సరిపోకపోతే ఏమవుతుంది? ఫోను చార్జి ఎక్కదు. చక్రం సరిపోకపోతే? దేనికి ముందు ప్రమాణం రాయాలో ఎవరు నిర్ణయించారో గానీ ఆయన ఇంట్లో చార్జరు పోయి ఉంటుంది.

ప్రమాదం జరిగితే చూడాలి అప్పుడు అందరి నోళ్లూ. కంపెనీ వారు "అసలైన విడిభాగం కాదు" అంటారు. బీమా వారు "మార్పు చేసిన సంగతి మాకు చెప్పలేదు" అంటారు. పోలీసులు "డ్రైవరు అతివేగం" అని రాస్తారు. రోడ్డు మీద మోకాలి లోతు గుంత ఉంటుంది, అది ఏమీ అనదు, దాని తరఫున కాంట్రాక్టరు కూడా ఏమీ అనడు. అప్పటిదాకా నోరు విప్పనివాళ్లందరికీ ఆ రోజు ఒక్కసారిగా పీసీడీ గుర్తొస్తుంది.

హైదరాబాదుతో కలిపి పదమూడు నగరాల్లో 800 అమ్మకాలు 2010లో ఆగాయి. 2014 జనవరిలో తయారీయే ఆగింది. అయినా పాతిక లక్షలకు పైగా అమ్ముడైన బండి అది. ఊళ్లలో ఇంకా తిరుగుతోంది. టీచర్లు, చిన్న రైతులు, రిటైరైన గుమాస్తాలు నడుపుకుంటున్నారు. కొత్తది కొనే స్తోమత లేకే కదా పాతది తోముకుంటున్నది. వాళ్లకి పన్నెండంగుళాల 114.3 రిమ్ము కావాలంటే షోరూముల అద్దాల వెనక దొరకదు. రాణీగంజ్ సందుల్లోనో తుక్కు కొట్లలోనో మోకాళ్ల లోతు ఇనుములో దిగి వెతుక్కోవాలి.

అలా వెతుక్కుంటూనే మొన్న నేనూ ఒక మిత్రుడూ విజయవాడ ఆటోనగర్‌లో తేలాం. మావాడిది పాత పాలియో. నెల రోజులుగా ఇంటి ముందు ఒక మూల ఇటుకల మీద ఉంది. మొక్కజొన్న చేలో దిష్టిబొమ్మలా ఉన్న దాన్ని చూసి పక్కింటివాళ్లు నవ్వుతున్నారని అతని బాధ. ఇంటి నుంచి బయల్దేరేటప్పుడే వాళ్లావిడ చెప్పింది, ఈసారి చక్రమన్నా తెండి, కారన్నా అమ్మేయండి అని.

నాలుగు దుకాణాల్లో "పడుద్ది" విన్నాం. అయిదో దాంట్లో ఓ ముసలాయన కూర్చుని ఉన్నారు. కళ్లద్దాల కాడకి దారం కట్టి ఉంది. ఏ కారు అని కూడా అడగకుండా మేం తెచ్చిన పాత రిమ్ము తీసుకున్నారు. కాలిపరు పెట్టి కొలిచారు. తిప్పి మళ్లీ కొలిచారు. సుద్దముక్కతో దాని మీద 98 అని రాశారు. తన కొట్లో మెరుస్తున్న రిమ్ముల వరస వంక ఒకసారి చూసి తల అడ్డంగా ఊపారు.

"పడదండీ."

మావాడు నమ్మలేదు. "రెండు మిల్లీమీటర్లేగా బాబాయ్, ఎక్కించేయండి" అన్నాడు.

"ఎక్కుద్ది. దిగేది మీరు. నా దగ్గరున్నయ్యన్నీ వందవి. తుక్కు కొట్లో పాలియో ఏదన్నా విప్పితే వస్తది, ఫోను నంబరిచ్చి పోండి" అన్నారు. కొలిచినందుకు ఏమివ్వాలంటే చెయ్యి ఊపేశారు.

ఆయన నంబరు రాసుకుంటున్నప్పుడే ఎదుటి కొట్లోంచి కేక వినిపించింది. "ఏం కావాల్సార్? ఏ కారు? ఇటు రండి, మా దగ్గర పడుద్ది!"

నేను తలెత్తి చూసేసరికి మావాడు రిమ్ము చంకన పెట్టుకుని రోడ్డు దాటుతున్నాడు.